మూడో మర దగ్గర నడుంగుడ్డ లాగేదెవరు?

మహాచాయ్ రేవులో మా ఐస్ ఫ్యాక్టరీకి వచ్చి ఎవర్నైనా అడగండి. రాత్రిపూట మూడో మర దగ్గర ఒంటరిగా నిలబడొద్దంటారు. నిలబడితే వెనకనుంచి నడుంగుడ్డ లాగుతాడు. ఎవడు? చలూయ్! ఎనిమిదేళ్ల కిందట ఐస్ పిండి చేసే ఆ మర బెల్టులో నడుంగుడ్డ చిక్కుకుని పోయినవాడు.

నాకా, భయమా? ఈ ప్రయూన్ ముప్పై ఏళ్లు ఐస్ దిమ్మలు మోశాడు — భుజానికి రెండు చొప్పున, ఈల వేసుకుంటూ! మర తిరుగుతుండగానే, లోపల ఇరుక్కున్న ఐస్‌ని ఉత్త చేత్తో పెరికి పారేసేవాణ్ణి. నన్ను చూస్తే దెయ్యాలే పక్కకి తప్పుకునేవి.

మిగతావాళ్లు అలా కాదు కదా. చలూయ్ శాంతించాలని మరకు రంగురంగుల గుడ్డలు కట్టారు. పక్కనే నాలుగు ఇటుకల మీద ఓ రేకు పరిచి, దాని మీద బుల్లి గుడి పెట్టారు. రోజూ బంతిపూల దండ, ఎర్ర సోడా. ఒకటే నియమం... మర తిప్పాకే మొక్కాలి. ఆ చప్పుడు వింటేనే వాడొస్తాడట.

కిందటి వానాకాలం చలూయ్ చెల్లెలు దుయెన్ పనిలో చేరింది. ఆమెకు జరిగింది నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను.

తెల్లవారుజామున మూడు. ఐస్ కోసం చేపల పడవలు బారులు తీరాయి. దుయెన్ మర తిప్పింది. వంగి సోడా సీసా పెట్టింది.

"అన్నా... తాగు," అని గొణిగింది.

అప్పుడు... నడుం దగ్గర... ఎవరో మెల్లగా లాగారు.

"అన్నా, నేనే... చిన్నదాన్ని."

మళ్లీ లాగారు. ఈసారి గట్టిగా. తడి నేల... కాళ్లు జారాయి. మర వైపే... మర వైపే...

చెయ్యి చాచి ఎర్ర బొత్తాం మీద గుద్దింది. మర ఆగింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. చూస్తే ఏముంది? చలూయ్‌కని మేం కట్టిన గుడ్డలే బెల్టు చక్రానికి చుట్టుకుని, వాటితోపాటు ఆమె నడుంగుడ్డనీ లోపలికి లాక్కున్నాయి. ఇంకో జానెడు లాగి ఉంటే, ఆమె దక్కేది కాదు.

"ప్రయూన్ మామా! దెయ్యాల్ని తరిమే మొనగాడివి, ఇంతసేపూ ఎక్కడున్నావు?" అన్నాడు బండి తోలే బున్‌లియాంగ్.

అందరూ నవ్వారు. విన్నానని చెప్పాను కదా... అబద్ధం. చూశాను. ఐస్ దిమ్మల వెనక నక్కి, నోరు మూసుకుని చూశాను.

దుయెన్ నవ్వలేదు. గుడిని జాగ్రత్తగా నేల మీదికి దించింది. దాని కింది రేకును ఎత్తింది. నాలుగు మూలలా నాలుగు చిల్లులు. తీసుకెళ్లి బెల్టుకు అడ్డంగా ఆనించింది. అచ్చంగా అతికింది.

"ఇది బెల్టు మూత," అంది మెల్లగా. "మా అన్నే విప్పేశాడని, తన తప్పుకు తనే పోయాడని ఫ్యాక్టరీవాళ్లు మా ఇంటికొచ్చి చెప్పారు. అమ్మ ఆ మాటే నమ్మి కన్నుమూసింది."

మూతను అలాగే ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చెయ్యి మా వైపు చాచింది.

"బోల్టులు కావాలి. నాలుగు."

నేను నా పెట్టె తెరిచాను. అడుగున, పాత చొక్కాలో చుట్టి... ఎనిమిదేళ్లు. ఇరుక్కున్న ఐస్ లాగాలంటే ప్రతిసారీ మూత విప్పడం ఆలస్యమనీ, మగాడికి మూతెందుకనీ పీకి పారేసింది నేనే. మర్నాడు ఆ మర దగ్గర నా బదులు నిలబడ్డాడు చలూయ్.

బోల్టులు ఆమె చేతిలో పెట్టాను. ఆమె నా ముఖంలోకి చూసింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. పానా నా చేతికిచ్చింది.

"నువ్వే బిగించు మామా."

బిగించాను. ఈసారి ఈల వేయలేదు.

ఇప్పుడు మూడో మర దగ్గర ఎవరి నడుంగుడ్డా ఎవరూ లాగడం లేదు.

నాది తప్ప.