సీలు తీయని చుక్కల మందు

"ప్రొఫెసర్ మనకు చెప్పేలోపే ఆయన్ని పడగొట్టేశారు," అన్నాడు చీఫ్. "శాంతి సభలో విదేశీ ముఠా విషం ఎక్కడ పెట్టిందో ఆయనొక్కడికే తెలుసు. ఇంకాసేపట్లో సభ మొదలు."

"ఏం విషం సార్?"

"ఆయన ల్యాబ్‌లో కొట్టేసిందే, ఆయన మీదే వాడారు. నాలుకనీ గొంతునీ ముఖాన్నీ కదిలించే నాడీకణాలు మెదడు కాండంలో ఉంటాయి. వాటిలో కబుర్లు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో పాటు సీజీఆర్‌పీ అనే రెండోది కూడా కాపురముంటుంది. ఆ రెండోది ఉన్న కణం వెన్నుపాములో దొరికినా చాలు, విషం లోపలికి దూరిపోతుంది. ఒళ్లంతా చచ్చుబడిపోతుంది. మన ఏజెంట్ మెరుపు, డాక్టర్ వేషంలో ఆయన పక్కనే ఉంది. వెళ్లు నత్తా, ఈసారైనా కాస్త త్వరగా!"

ఏ పనైనా నిదానంగా చేస్తాడని ఆఫీసులో అతనికి పెట్టిన పేరది.

వార్డ్‌బాయ్ యూనిఫాం, చేతిలో మాపు కర్ర, గడియారంలో ట్రాన్స్‌మిటర్. ఐసీయూ గదిలో ప్రొఫెసర్ గొంతులో గొట్టం, కళ్ల మీద ప్లాస్టర్. తెల్లకోటు వేసుకున్నా సినిమా తారలాగే ఉంది మెరుపు. ముఠాలో చేరి ఆఫీసుకు కబుర్లు చేరవేసే పిల్ల, అతని శిష్యురాలే.

"నేల తుడిచి వెళ్లిపోండి గురువుగారూ. మెదడు పోయింది. ఇక్కడేం మిగల్లేదు."

"కళ్లకు ప్లాస్టరెందుకమ్మాయ్?"

"రెప్పలు మూతపడట్లేదు. ఎండిపోతాయని."

అతను బల్ల వైపు చూశాడు. కంటి చుక్కల మందు సీసా, సీలైనా తీయకుండా ఉంది. భార్య చివరి రోజుల్లో ఆమె కళ్లకు ప్లాస్టర్ వేసిందీ, మాటిమాటికీ తీసి చుక్కలు వేసిందీ అతనే. చుక్కలు వేయని చెయ్యి ఈ కళ్లను కాపాడటం లేదు, దాచిపెడుతోంది.

"వద్దు గురువుగారూ!"

ఒక్క వెంట్రుకైనా ఊడకుండా, నెమ్మదిగా ప్లాస్టర్ ఒలిచాడు. ఎర్రబడ్డ కళ్లు అతని వైపు తిరిగాయి.

"విషం వీటిని వదిలేసిందే! కళ్లు తిప్పే కణాల్లో ఆ రెండోది అంతగా ఉండదా ప్రొఫెసర్‌గారూ? అవునంటే పైకి, కాదంటే కిందికి చూడండి."

పైకి.

"విషం నీళ్లలోనా?"

కిందికి.

"ఏసీలోనా?"

కిందికి.

"మైకులోనా?"

పైకి. వెంటనే ఆ చూపు అతని భుజం వెనక్కి పరుగెత్తింది.

వెనక్కి తిరక్కుండానే మాపు కర్ర తిప్పి కొట్టాడు. ఇంజెక్షన్ సిరంజి నేలమీద భళ్లున పగిలింది. గోడకు ఒరిగిపోయిన మెరుపు చెయ్యి మెలిపెట్టి పట్టుకున్నాడు.

"చీఫ్! మైకు!"

గడియారంలో కుర్చీలు పడిన చప్పుడు, కేకలు. తర్వాత చీఫ్ రొప్పు. "అధ్యక్షుడి వేలు అప్పటికే మైకు స్విచ్ మీదుంది నత్తా. వైరు పీకేశాం."

బేడీలు వేస్తూ అతనడిగాడు. "రెండు చుక్కలు వేసుంటే నాకు అనుమానమే వచ్చేది కాదు. ఎందుకు వేయలేదమ్మాయ్?"

ఆమె మంచం వైపు చూడకుండా తల తిప్పుకుంది.

"వేయాలంటే ఆయన కళ్లలోకి చూడాలిగా గురువుగారూ."

ఆమెను తీసుకెళ్లిపోయారు. ప్రొఫెసర్ ఇక లేవడని అసలు డాక్టర్ చెప్పి వెళ్లాడు. నత్త స్టూలు లాక్కుని సీసా సీలు తీశాడు.

"ఇంకా అక్కడే ఉన్నావా?" గడియారం విసుక్కుంది.

"చుక్కలు వేస్తున్నాను సార్. దీనికి మాత్రం నత్తే కావాలి."