వెనకబడి పలికే ఇల్లు

పెనుకొండ టేసను దోవలో తాళమేసిన ఇల్లొకటి ఉండాది. దాని పేరెత్తితేనే మావాళ్ళు చెవులు మూసుకుంటారు. ఎదురుగా టీ అంగట్లో రేడియో వార్తలు చెప్తాదా... కొంచెంసేపటికి ఆ ఇంట్లోంచి అదే గొంతు, అవే మాటలు! రేడియోలు ఎన్నున్నా ఒక్కసారే పలకాల కదా? ఇది వెనకబడి పలుకుతాది. చచ్చినోళ్ళకు మాట లేటుగా చేరుతాదంట — మా వీధోళ్ళ తెలివి అట్లుండాది!

నాకు మా వీధి సల్మా చెప్పిన సంగతిది. అప్పుడప్పుడే ఇండ్లమీదికి టీవీ డిష్షులు వస్తాండిన కాలం. హిందూపురం బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని ఆ పిల్లది. ఇంట్లో కొట్లాడి తెచ్చుకున్న పని. రాత్రి ఆ ఇంటి ముందునుంచే రావాల.

"రేపట్నుంచి పని మానెయ్ మా," అన్యాడు వాళ్ళ నాయన హజరత్‌వలి. "దెయ్యం పట్టుకుంటే ఎవురు దిక్కు?"

"దెయ్యం కోసం నా పని వదులుకోవాల్నా? వదిలేది లేదు నాయనా!"

ఆ రాత్రి బస్సు దిగి నేరుగా ఆడికే పోయింది. టీ అంగట్లో వార్తలు మొదలయినాయి. ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. ఒక గుక్క... రెండు గుక్కలు... లోపల్నుంచి వార్తలు చదివే ఆ ఆడగొంతే!

సల్మా ఇంటి వెనక్కి పోయింది. తలుపు సందులో వెలుతురు. ఒక్క తోపు తోసింది —

"అమ్మో!"

అరిచింది సల్మా కాదు, లోపలి మనిషి! ధర్మవరం గణేష్. డిష్షులు బిగించే పిల్లోడు. ఇల్లు బాడిగకు తీసుకుని వెనక తలుపు నుంచే వస్తా పోతా ఉండాడు.

"రేడియోనే అక్కా," అన్యాడు గుండె పట్టుకుని. "డిష్షులో రేడియో కూడా వస్తాది. మాటను అంకెలు చేసి ఆకాశానికి పంపుతారు. ఈ డబ్బా వాటిని మళ్ళా మాటలు చేయాల... అందుకే లేటు. గరగర లేదు చూడు. వస్తే శుభ్రంగా వస్తాది, లేదంటే అస్సలు రాదు."

సల్మాకు నవ్వు ఆగలేదు. వాళ్ళ నాయనను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి వినిపించింది. పని పోకుండా నిలబడింది.

కొన్నాళ్ళకు గణేష్ డబ్బా, డిష్షు ఎత్తుకుని ధర్మవరం పోయినాడు. ఇల్లు ఖాళీ.

ఆ వారమే ఒక రాత్రి టీ అంగడి మూసేసినారు. దోవలో నరపురుగు లేదు. సల్మా ఆ ఇంటి ముందు నిలబడి, తన పని పోగొట్టబోయిన దానిమీద పాత కసి తీరేటట్లు అరిచింది —

"చూడు, నేను పనికి పోతానే ఉండా!"

ఒక గుక్క... రెండు గుక్కలు...

"నేను పనికి పోతానే ఉండా," అనింది ఇల్లు. సల్మా గొంతే.

సల్మా చున్నీ నడుముకు బిగించి, ఆ తాళం వైపే చూసి అనింది —

"పో! ఎవురొద్దన్యారు? నీ పనికి నువ్వు పో... నా పనికి నేను పోతా!"