ఎర్రబడిన నాలుక

కోరుట్లలో ఆ ఇంటికి తెల్లవారడమంటే తడిపిన తునికాకు వాసన, అత్త జరీనాబీ పాన్ డబ్బా చప్పుడు. ఆ ఉదయం షాజియా బీడీల చాట పక్కకు నెట్టి, నాలుగేళ్ల కూతురు ఇరమ్ చేతిని వెలుగులో పెట్టి చూసింది. వేళ్ల చివర తోలు పొరలుగా ఊడుతోంది. ఎన్ని సిరప్‌లు పోసినా దిగని జ్వరం మొన్ననే దానంతటదే తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపే ఇదేం పీడ?

"దవాఖానకు పోదాం, అమ్మీ."

జరీనాబీ వెంటనే బురఖా తగిలించుకుంది. జ్వరంలో పిల్ల పెదవులు, నాలుక ఎర్రగా కనబడితే, పాన్ తినిపించారంటూ షాజియా ఇల్లు పీకి పందిరేసింది. అప్పటినుంచి అత్తాకోడళ్ల మధ్య మాటలు అంతంతమాత్రమే.

జగిత్యాల డాక్టరమ్మ పిల్ల వేళ్లు చూడగానే అడిగింది. "జ్వరంల కండ్లు, నాలుక ఎర్రగైనయా?"

"అయినయ్ మేడమ్. పాన్ తిన్నదనుకున్నం."

ఆమె గుండె స్కానింగ్ తీయించింది. "దీన్ని కవాసకి జబ్బు అంటరు. ఒంట్ల రక్తనాళాలు వాస్తయి. గుండెకు రక్తమిచ్చే నాళం ఒకచోట బుడగ లెక్క ఉబ్బింది. జ్వరం మొదట్ల మందు పడితే చానామందికి ఈడిదాక రాదు. ఇగ అండ్ల రక్తం గడ్డకట్టకుండ చూసుకోవాలె."

షాజియా పిల్లను గుండెకు హత్తుకుంది. నాలుగేళ్ల పిల్లకు గుండె జబ్బా!

ఫోనులో సంగతి విని భర్త రిజ్వాన్ సిరిసిల్లలో మరమగ్గాల పని వదిలి పరుగున వచ్చాడు. వస్తూనే తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"నీ పాన్ పాడుగాను! గది తినిపిచ్చినవు గాబట్టే ఎవ్వరికి అనుమానం రాలే. నా బిడ్డ పానం మీదికి తెచ్చినవ్ గద అమ్మీ!"

పిల్లను చేర్చిన వార్డు ముందు జనమంతా తిరిగి చూశారు. జరీనాబీ తల దించుకుందే గానీ నోరు విప్పలేదు. ఆ మౌనం షాజియా గుండెను కోసేసింది. ఆ రోజు అత్త ఎంత మొత్తుకుంది!

"అమ్మీనేమనకు!" షాజియా భోరుమంది. "అల్లా కసం, పాన్ పెట్టలే అని చెప్పింది. నేనే నమ్మలే. నమ్మితే, మరి ఎందుకు ఎర్రగైందని అప్పుడే దవాఖానకు ఉరుకుదును. చంపితే నన్ను చంపు!"

రిజ్వాన్ గోడకు ఆనుకుని అట్లాగే కూలబడిపోయాడు.

జరీనాబీ కోడలిని దగ్గరికి లాక్కుంది.

"నువ్వంటే నా మాట నమ్మలే బేటీ. నేను పెట్టలేదని నాకు ఎరికే గద! మరి పిల్ల నాలుక గట్లెందుకైందని నేనన్న అడగాల్నా వద్దా? నా మీద పడ్డ నింద దులుపుకునుడే సరిపాయె నాకు."

అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు.