స్కాలప్‌పై కోసం ఓడిన ఆటలు

ఆన్‌లైన్ చదరంగంలో నాదో ప్రత్యేకమైన శైలి. రెండో ఎత్తుకే రాణిని బయటికి తెస్తాను, ఎనిమిదో ఎత్తుకల్లా పోగొట్టుకుంటాను. మధ్యలో మాత్రం నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు.

ఇలాంటి మహానుభావుడికి సైటు ఒకరోజు ‘స్కాలప్‌పై’ అనే ప్రత్యర్థిని వెతికిపెట్టింది. ఊరు ఆస్ట్రేలియాలోని హోబర్ట్. మా ఊరే, ఆ పేరు కూడా ఇక్కడి ఆల్చిప్పల కూర కూరిన పేస్ట్రీదే. ఆమె రాజు కోటలో కూర్చోడు, నాలుగో ఎత్తుకే నడిబోర్డు మీద షికారుకి బయల్దేరతాడు.

“నీ రాణి పాపం, నీతో ఉండలేక పారిపోతోందా?” ఆట అయ్యాక చాట్‌లో అడిగింది.

“నీ రాజు ఇల్లే వదిలేశాడుగా!”

“ఇంట్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. భరించలేకపోయాడేమో.”

అంతే, పడిపోయాను. ఆటలో కాదు.

ఆటగాడి స్థాయి చెప్పే రేటింగు దగ్గరగా ఉన్నవాళ్లనే సైటు జతచేస్తుంది. ఇద్దరం తొమ్మిది వందల దగ్గర ఉండేవాళ్లం. ఒక వారం ఆమె వరసగా ఓడి ఎనిమిది వందల ఇరవైకి దిగింది. మా ఆటలు ఆగిపోయాయి. ఫ్రెండ్ రిక్వెస్ట్ బటన్ ఉంది, కాదనను. నొక్కితే చులకనైపోనూ? అందుకని ఎంతో తెలివిగా, కావాలని ఓడటం మొదలుపెట్టాను.

నేను ఎనిమిది వందలకి దిగేసరికి ఆమె ఏడు వందల్లో ఉంది. నేను ఏడు వందలు అనేసరికి ఆమె ఆరు. ఇలా ఏడు నెలలు గడిచినా మా ఇద్దరికీ ఒక్క ఆటా పడలేదు. నాకు నిజంగానే బెంగ పట్టుకుంది.

ఒక శనివారం లైబ్రరీ మేడ మీద చదరంగం క్లబ్ పోటీ. ఆన్‌లైన్ రేటింగుల్ని బట్టే జతలు. బయట ఎడతెగని వాన. సెక్రటరీ బెవ్ కళ్లజోడు సవరించుకుని చదివింది.

“చివరి బోర్డు. రేటింగ్ నాలుగు వందల పది, ఫర్గస్ పైబస్. నాలుగు వందల రెండు, నెరిడా క్విల్. బాబూ, మీరిద్దరూ కళ్లు మూసుకుని ఆడతారా?”

ఫర్గస్ అంటే నేనే. తడిసిన రెయిన్‌కోటు కుర్చీకి తగిలించి ఒక అమ్మాయి ఎదురుగా కూర్చుంది. నాలుగో ఎత్తుకి రాజుని బయటికి నడిపించింది. నేను బల్ల మీదికి వంగాను.

“స్కాలప్‌పై?”

ఆమె నా రాణిని చూసింది, నన్ను చూసింది. “ఓరి నీ! నువ్వా? అంత చెత్తగా ఎలా ఓడావు?”

“నీకోసం. నువ్వు కిందికి పోతుంటే వెనకాలే వచ్చాను. మరి నువ్వు?”

“నీ రేటింగ్ పడిపోతుంటే, నన్ను దాటి కిందికి పోతావేమోనని ముందే దిగుతూ వచ్చాను! పదేళ్ల పిల్లల చేతిలో కూడా ఓడాను, తెలుసా? రిక్వెస్ట్ పంపడానికి ఏం రోగం?”

“నీకేం రోగం?”

“సిగ్గు,” అంది, చెవులు ఎర్రబడుతుండగా.

నా వైపు గడియారం నడుస్తూనే ఉంది. ఆమె నన్నే చూస్తోంది.

“నెరిడా, నువ్వంటే నాకిష్టం. ఇక ఓడలేను, చేతకాదు.”

“నాక్కూడా చేతకాదు. నాకూ ఇష్టమే.”

“ఫర్గస్!” బెవ్ గడియారం మీద తట్టింది. “ఎత్తు వేయడం మర్చిపోయావు. టైమ్ అయిపోయింది, ఓడిపోయావు.”

ఏడు నెలల్లో నేను నిజాయితీగా ఓడిన మొదటి ఆట అది.