శవానికి ముందు మంచినీళ్ళు

"తలుపు ముయ్యండి!"

లిఫ్టులో ఇరుక్కుపోయిన మనిషి, కష్టపడి తలుపు తెరిచిన మెకానిక్‌తో అనే మాటేనా ఇది? మా చెల్లి అంది. దాని ఫోన్లో డిటెక్టివ్ అప్పుడే హంతకుడెవరో చెప్పబోతున్నాడట.

"మేడమ్, మీరు బయటికి..."

"కాసేపాగితే మీ సొమ్మేం పోయింది? వెలుతురు పడి ఏం కనబడట్లేదు, ముయ్యండి!"

ఆ మహానుభావుడు నిజంగానే మూసేశాడు. అయ్యాక మళ్ళీ తెరిచి, "ఇంతకీ ఎవరండీ చంపింది?" అని అడిగాడు.

"చర్చి ఫాదర్. మీరూ ఇవి చూస్తారా?"

"ప్రాణమండీ!"

అక్కడే పప్పులో కాలేశాడు.

మా చెల్లి కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. అందరి చూపూ సరిచేస్తుంది గానీ, తనది మాత్రం ఎప్పుడూ అనుమానపు చూపే. అంతా ఆ బ్రిటిష్ క్రైమ్ సిరీస్‌ల పుణ్యం. మూడే ఎపిసోడ్లు. మొదటిదాంట్లో శవం, రెండోదాంట్లో వాన, ఇంకో శవం, మూడోదాంట్లో హంతకుడు. డిటెక్టివ్‌కి పెళ్ళాం ఉండదు, నిద్ర ఉండదు, గొడుగు అసలే ఉండదు. పిడికెడంత పల్లెలో పూటకొకరు చస్తున్నా ఒక్కడూ ఇల్లు ఖాళీ చేయడు.

దాని అనుమానానికి ఇంకో కారణమూ ఉంది. పోయినేడు కుదిరిన సంబంధం అబ్బాయి, ఉద్యోగం పోయిన సంగతి దాచాడు. చెల్లే వద్దనేసింది. "బట్టతలైనా పర్లేదక్కా, అబద్ధాలకోరు మాత్రం వద్దు," అని తేల్చేసింది.

ఇక ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో, మా సోఫాలో, మా టీ తాగుతూ చెల్లీ, ఆ లిఫ్టు మెకానిక్కూ హత్యలు చూడటం మొదలుపెట్టారు.

"శవాల్ని చూడ్డానికి కాటుకెందుకే?" అన్నాను ఓ రోజు.

"నువ్వు నోర్మూసుకో," అంది సిగ్గుపడుతూ.

పోయిన వారం, "ఆదివారం చూశాక మా సంగతి నాన్నకి చెప్పేస్తానక్కా," అంది కూడా. తీరా ఆదివారం, అతను మంచినీళ్ళకని లేచి, గ్లాసుతో వెనక్కి రాగానే టీవీ ఆపేసి, కిటికీకి వీపు పెట్టి, అచ్చం డిటెక్టివ్‌లా నిలబడింది.

"ఎవ్వరూ కదలొద్దు. మీరు ఇవన్నీ ముందే చూసేశారు కదూ?"

"లేదండీ..."

"శవం కనబడే ముందు ప్రతిసారీ దాహమేస్తుంది. కత్తి తీసే ముందు ఫోనొస్తుంది. ఆ ఫోన్ మోగడం నేనెప్పుడూ వినలేదు. ఇందాక స్క్రీన్ మీద ఉత్త సముద్రం. మీరు లేచారు. వెనకే శవం కొట్టుకొచ్చింది!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతను గ్లాసు వెనక్కి దాచాడు.

"కలిసి చూస్తున్నామనుకున్నాను. నువ్వు నటిస్తున్నావన్నమాట. వాడూ ఇంతే, నువ్వూ ఇంతే..."

అతను గ్లాసు ముందుకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయండీ. గడ్డం గీసుకుంటూ గాటు పడితే కుర్చీ వెతుక్కుంటాను."

"మరి ప్రాణమన్నావ్?"

"లిఫ్టులో మిమ్మల్ని చూసి అనేశాను. అందుకే పట్టపగలు, తలుపులన్నీ తీసిపెట్టి, సౌండ్ లేకుండా ముందే చూసుకుంటున్నాను. ఎక్కడ లేవాలో తెలియాలి కదండీ."

"అంత భయమైతే రావడం మానేయొచ్చుగా!"

"మిమ్మల్ని చూడకుండా ఉండలేనండీ."

టీవీలో అయితే ఇక్కడ పేర్లు పడతాయి. డిటెక్టివ్ కాలరెత్తుకుని వానలో నడిచి వెళ్ళిపోతాడు. మా డిటెక్టివ్ చున్నీతో ముక్కు తుడుచుకుంది.

"కూర్చో," అంది. "ఇంకెప్పుడూ లేవకు. శవమొస్తే నీ కళ్ళు నేను మూస్తాను. అయ్యాక ఏం జరిగిందో చెప్తాను."

"రక్తం కూడానా?"

"అది చెప్పన్లే."

టీవీ పెట్టీ పెట్టకముందే అతని కళ్ళు మూసేసింది.

"ఇంకా శవం రాలేదు కదమ్మా," అన్నాడు ఇంతసేపూ నా పక్కన కూర్చుని చూస్తున్న మా ఆయన. కాలు తొక్కాను.

"అక్కా, నాన్నకి ఫోన్ చెయ్యి," అంది చెల్లి, చెయ్యి తీయకుండానే.

చేసి, సంగతంతా చెప్పాను. నాన్న ముందడిగింది అదే. "ఈసారైనా నిజం చెప్పేవాడేనా?"

"అబద్ధమాడతాడు నాన్నా," అన్నాను. "కానీ దొరికిపోతాడు."

అటునుంచి నాన్న నవ్వడం వినబడింది.

"అయితే భయం లేదు. తీసుకురండి."