సగంలో ఆగిన ప్రార్థన

తానూ తిరిగి రాకపోతే మూడేళ్ళ కూతురు రూతుకు అమ్మా నాన్నా ఇద్దరూ గోడమీద ఫోటోలే అవుతారు. ఏజెంట్ డోర్కాస్‌కు అన్నిటికన్నా పెద్ద భయం అదే. తుపాకీ అంటే భయం లేదు. సముద్రాన్ని ఆమె ఇంతవరకూ చూడనే లేదు.

గగన్‌పహాడ్‌లో ప్లాస్టిక్ కుర్చీల గోడౌన్. దాని వెనక గదిలో చీఫ్ హరిప్రసాద్ ఆఫీసు. నెత్తిమీదుగా విమానం దిగుతుంటే మాట ఆపి, అది పోయాక అందుకున్నాడు.

"అండమాన్ దీవుల నడుమ ఒక చిన్న తెరచాప పడవ తిరుగుతుంది. నడిపేటోడు రోల్ఫ్, ఫారిన్ ముఠా మనిషి. ఆ పడవల ఒక రిమోట్ ఉంది. నొక్కితే శాటిలైట్ ద్వారా మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర దాచిపెట్టిన ట్రాన్స్‌మిటర్ ఆన్ అయితది. వానల దిగే విమానాలకు జీపీఎస్ తప్పు దారి చూపిస్తది. జోరు వాన కోసమే కాచుకోని ఉన్నరు."

"పడవల మనోళ్ళెవరు సార్?"

"సంతోషి. ముఠాల దూరిన మన ఏజెంట్. ఇమ్మాన్యుయేల్‌ను అల కొట్టుకపోయిందని రిపోర్ట్ పంపింది ఆమెనే."

ఇమ్మాన్యుయేల్ డోర్కాస్ భర్త. అతని చొక్కా గుండీలోని రికార్డర్ పంపిన ఆఖరి క్లిప్‌ను చీఫ్ వినిపించాడు. "తండ్రీ, ఈ అన్నానికి స్తోత్రం. వడ్డించిన చేతులను దీవించు..." ఆ వెంటనే ఒక దెబ్బ. తర్వాత అంతా నీళ్ళ హోరు.

డోర్కాస్ ఏడవలేదు.

"అల గాదు సార్. నా మొగడు తినేముందు కండ్లు మూస్తడు. ఆమెన్ అన్నంకనే తెరుస్తడు. అది చూసినోళ్ళే కొట్టిన్రు. వడ్డించినోళ్ళే కొట్టిన్రు."

"సాక్ష్యం లేదు కదమ్మా."

"నన్ను వంటామెగ పంపుర్రి. నేనెవరి పెండ్లాన్నో ఆమెకు చెప్పకుర్రి."

"సరే. కానీ సంతోషిని చంపొద్దు. ఇది ఆర్డర్."

"చంప సార్," అంది డోర్కాస్. చాలా నెమ్మదిగా అంది.

పడవ పొడవు ఆటోలు రెండు నిలబెట్టినంత. ఎక్కుతూనే డోర్కాస్, ఏజెంట్లు ఒకరినొకరు గుర్తుపట్టే కోడ్ మాట వాడింది.

"హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తిన్రా అక్కా?"

"ఇంకా లేదమ్మా, నీళ్ళు చాలలేదు," అంది సంతోషి. ఎర్రని రెయిన్‌కోట్, నల్ల కళ్ళద్దాలు, తుఫానులో కూడా చెదరని లిప్‌స్టిక్. మాట తీరులో కోస్తా మర్యాద.

మర్నాటి నుంచి గాలి మొదలైంది. అన్నం గిన్నెను స్టవ్‌కు తాడుతో కట్టి వండాలి. పళ్ళెం ఒళ్ళో ఇరికించుకుని తినాలి. నిద్రపోవాలంటే నడుముకు బెల్టు బిగించుకోవాలి. పరుపు తడి, చీర తడి, అగ్గిపెట్టె తడి. ఒక దీవి దాటితే ఇంకో దీవి, దేని పక్కనా అల తగ్గదు. డీజిల్ వాసనకు డోర్కాస్ కడుపులో ఏదీ నిలవలేదు.

"పడవ కొత్తా?" అని నవ్వింది సంతోషి.

"మాకు చెరువే సముద్రం అక్కా."

సంతోషి దయగా ఒక మాత్ర ఇచ్చింది. డోర్కాస్ దాన్ని బొడ్లో దోపుకుంది.

మూడోనాడు శాటిలైట్ ఫోన్‌లో వాతావరణం చూసి సంతోషి పాట అందుకుంది. శంషాబాద్‌లో కుండపోత. ఇక ఆగేందుకు లేదని డోర్కాస్‌కు అర్థమైంది. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు వండింది. రోల్ఫ్ పైన చుక్కాని దగ్గర ఉన్నాడు. కింద ఇద్దరే.

"నువ్వు కూర్చోమ్మా, నేను వడ్డిస్తాను," అంది సంతోషి.

డోర్కాస్ చేతులు జోడించింది. ఇన్నాళ్ళూ ఆమె ముందు ప్రార్థన చేయలేదు.

"తండ్రీ, ఈ అన్నానికి స్తోత్రం."

గరిటె ఆగింది.

"వడ్డించిన చేతులను దీవించు..."

సంతోషి తెరచాప తాళ్ళు బిగించే ఇనుప హ్యాండిల్ ఎత్తింది. డోర్కాస్ రెప్పలు దించిందే కానీ మూయలేదు. ఒళ్ళో ఉన్న స్టీలు పళ్ళెంలో ఎర్ర రెయిన్‌కోట్ అద్దంలోలాగా కనిపిస్తోంది. దెబ్బ దిగేలోపు పక్కకు ఒరిగి, పళ్ళెంతో ముఖం మీద ఒక్కటిచ్చింది. పడవ వాలింది. ఇద్దరూ కలిసి స్టవ్ మీద పడ్డారు. సంతోషి జేబులోంచి రిమోట్ లాగింది, బొటనవేలు బటన్ మీదికి చేరింది. డోర్కాస్ ఆ చెయ్యి పట్టుకుని మణికట్టు దాకా మరిగే పప్పుచారులో ముంచింది.

కేక వినిపించింది. రిమోట్ లైటు రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది.

"నువ్వు... అతని భార్యవా?"

"ఇగ తెల్సిందా అక్కా?"

రోల్ఫ్ తొంగి చూశాడు. డోర్కాస్ చీర మడతల్లోంచి తీసిన పిస్టల్ చూసి చుక్కాని వదలకుండానే చేతులెత్తబోయాడు. అతనికి జీతమే తప్ప సిద్ధాంతం లేదు. ట్రాన్స్‌మిటర్ ఏ పైకప్పు మీద ఉందో అడగకముందే చెప్పాడు. పడవ ఎటు తిప్పమంటే అటు తిప్పాడు.

వారం తర్వాత గోడౌన్‌లో హరిప్రసాద్ రిపోర్ట్ అడిగాడు.

"ట్రాన్స్‌మిటర్ దొరికింది. రోల్ఫ్ దొరికిండు. సంతోషి ఏది?"

"పానంతోనే ఉంది సార్. చేతికి మందు రాసిన. బిస్కెట్లు, నీళ్ళు ఇచ్చిన. ఎవ్వరూ ఉండని దీవొకటి చూసి దించి వచ్చిన."

"ఏ దీవి?"

"అన్నీ ఒక్క తీరే ఉంటయి సార్. జర యాదికొస్తలేదు. నా బిడ్డ ఎదురుచూస్తుంటది, పోతున్న."

అండమాన్ వైపు పడవలో వెళ్ళేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఎర్ర రెయిన్‌కోట్ వేసుకున్న మనిషి ఒడ్డున కనిపిస్తుందేమో, ఎలా ఉందో ఒకసారి చూసి రండి. తొందరేం లేదు.