నాలుగు గంటలకి లైసెన్స్

2016 మార్చి 12. శనివారం.

ఆ రోజు పెళ్ళి విందులో ఏం తిన్నారో డెస్మండ్‌కి ఇప్పటికీ గుర్తే.

పుదీనా సాస్‌తో కాల్చిన గొర్రె మాంసం. కొత్త బంగాళాదుంపలు. చివర్లో పావ్లోవా. గుడ్ల తెల్లసొనలో చక్కెర వేసి గిలక్కొట్టి అతని భార్య మోయిరా స్వయంగా కాల్చి తెచ్చింది. దారిలో అది పగిలింది. పైన మీగడ రాసి, కివీ ముక్కలు పేర్చి, పగులు కనపడకుండా చేసింది.

పెళ్ళికొడుకు మీగడ తిన్నాడు. పండ్లు తిన్నాడు. లోపలి మెత్తటిదంతా చెంచాతో గీకి గీకి తిన్నాడు. పైన కాలిన గట్టి పెంకు మాత్రం ప్లేటులో అలాగే వదిలేశాడు.

"గుడ్డు తాగిన పాములా తిన్నాడు, చూశావా?" అంది మోయిరా ఇంటికొచ్చాక.

పదకొండు నెలల తర్వాత ఆ పెళ్ళికూతురు గ్లెనిస్ నదిలో శవమై తేలింది.

ఈ రోజు మధ్యాహ్నం మూడుంబావుకి, రోడ్డు పక్క టీ కొట్లో...

డెస్మండ్ ఒక ప్లేటులో మళ్ళీ అదే పెంకు చూశాడు!

ఇప్పుడు టైమ్ మూడూ నలభై ఎనిమిది.

వాన. వెస్ట్ కోస్ట్ వాన. వైపర్లు కొట్టుకుంటున్నాయి కానీ రోడ్డు కనపడటం లేదు. పాత కరోలా ఎనభై దాటితే వణుకుతుంది. ఇప్పుడు తొంభై ఐదు.

అద్దంలోకి చూశాడు.

తెల్ల పికప్. రెండు లైట్లు. దగ్గరవుతోంది.

అందులో ఇద్దరున్నారు. స్టీరింగ్ దగ్గర అతను. పక్క సీట్లో ఆమె... ఎల్లుండి పెళ్ళికూతురు.

డెస్మండ్ వయసు డెబ్బై ఒకటి. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాడు. రిటైరయ్యాక ప్రభుత్వ అనుమతితో పెళ్ళిళ్ళు జరిపించాడు, రెండు వందల పద్నాలుగు. మోయిరా పోయాక మానేశాడు. ఇంత వేగంగా కారు ఎప్పుడూ నడపలేదు.

టీ కొట్లో ఆమె వడ్డించే పిల్లతో చెబుతుంటే విన్నాడు. పెళ్ళి లైసెన్స్‌కి సోమవారం అప్లికేషన్ ఇచ్చారట. మూడు రోజుల గడువు ఇవాళ్టితో సరి. నాలుగింటికి వచ్చి లైసెన్స్ పట్టుకెళ్ళమన్నారట. శనివారం సముద్రపు ఒడ్డున పెళ్ళి. వానొస్తే అని రెండో చోటు కూడా రాయించారా అని ఆ పిల్ల అడిగింది. ఇక్కడ అది రాయకుండా ఎవరూ ఫారం ఇవ్వరు. లేదట. వాన రాదని ఆయనకి గట్టి నమ్మకమట.

2016లో కూడా అంతే. వాన రాదన్నాడు. కుండపోతగా వచ్చింది. పిలిచిన సాక్షుల్లో ఒకరు దారిలో చిక్కుకుపోయారు. అతనే హోటల్ వంటింట్లోంచి ఏప్రన్ కట్టుకున్న ఒకావిణ్ణి పట్టుకొచ్చి సంతకం పెట్టించాడు.

అప్పుడు గడ్డం లేదు. అప్పుడు అతని పేరు నీల్ బ్రాషర్.

"నీల్?" అన్నాడు డెస్మండ్, టీ కొట్లో, అప్రయత్నంగా.

అతను తల తిప్పలేదు. కానీ చెంచా ఆగింది.

ఒక్క క్షణం... అంతే. చాలు.

మూడూ యాభై రెండు.

వంతెన! ఒక్క బండి పట్టే వంతెన. అవతలి నుంచి పాల ట్యాంకర్ వస్తోంది. అటు నుంచి వచ్చే బండికే ముందు దారి. ఎర్ర బాణం గుర్తు డెస్మండ్ వైపే చూస్తోంది. ఆగాలి. నలభై ఏళ్ళుగా అక్కడ ఆగుతూనే ఉన్నాడు.

ఆగితే పికప్ పక్కకొచ్చి నిలబడుతుంది.

ఆగలేదు.

ట్యాంకర్ హారన్ లోయంతా మోగింది. డ్రైవర్ అవతలి అంచున బ్రేకు తొక్కి, పక్కకి తీసి, దారిచ్చాడు. దాటుతుంటే డెస్మండ్ పైకి చూశాడు. తిడతాడనుకున్నాడు. అతను స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరించాడు, రోజూ పలకరించినట్టే.

ఇంత వానలో అంత దయ! డెస్మండ్ కళ్ళు చెమర్చాయి.

వెనక ట్యాంకర్ వంతెన ఎక్కింది. పికప్ అవతలే ఆగిపోయింది.

కాసిని నిమిషాలు దొరికాయి.

రిజిస్ట్రార్ ఆఫీసు. నాలుగూ ఒకటి.

కౌంటర్ వెనక హీనీ పరాటా. ఒకప్పుడు అతని క్లాసులో మూడో బెంచీ. ఇప్పటికీ అతన్ని చూడగానే కూర్చున్నదల్లా లేస్తుంది.

"మాష్టారూ! తడిసి ముద్దయ్యారే. గొడుగు పెట్టుకోవడం మీరే కదా మాకు నేర్పింది?"

"హీనీ... నాలుగింటి లైసెన్స్. ఇచ్చేశావా?"

ఆమె నవ్వు ఆగింది. ట్రేలో కాగితం ఉంది. ప్రింటయింది. కవర్లో పెట్టడమే తరువాయి.

వారెన్ టిల్. లినెట్ జాయ్ స్ప్రాట్.

ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ, డెస్మండ్ అంతా చెప్పాడు. ఇతని పేరు వారెన్ కాదని. తొమ్మిదేళ్ళ కిందట తానే ఇతనికి పెళ్ళి చేశానని. గ్లెనిస్ గురించి. నది గురించి. ఆమె పొలం నెలలోపే అమ్ముడుపోవడం గురించి. ఇంకో ఏడాదిలో ఈ ఆడమనిషి కూడా నదిలో తేలుతుందని.

హీనీ ప్రమాణ పత్రం తీసింది. గతంలో పెళ్ళయిందా అన్నచోట లేదు అని ఉంది. వేరే పేర్లు అన్నచోట అడ్డగీత.

లైసెన్స్ ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతర పత్రం ఇవ్వచ్చు. ఇస్తే జడ్జి తేల్చేదాకా పెళ్ళి ఆగుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఉద్యోగంలో ఒక్కసారి కూడా ఆ ఫారం తియ్యలేదంది హీనీ. అడుగు సొరుగులో వెతికి తీసింది.

"మాష్టారూ, ఒక్క మాట. ఇందులో మీ పూర్తి పేరు ఉండాలి. మీరుండే చోటు ఉండాలి. వాళ్ళు అడిగితే నేను చూపించాలి."

"తెలుసు."

"ఆలోచించారా?"

అద్దాల తలుపు అవతల తెల్ల పికప్ ఆగుతోంది.

డెస్మండ్ రాశాడు. వాళ్ళిద్దరి పేర్లు. తన పేరు. ఇల్లు. కారణం. అక్షరాలు గుండ్రంగానే పడ్డాయి. బడిపంతులి చెయ్యి.

స్టాంపు పడింది. నాలుగూ తొమ్మిది.

తలుపు తెరుచుకుంది!

వారెన్ అరవలేదు. అరిస్తే బాగుండేది. హీనీ చెప్పిందంతా నిలబడి విన్నాడు. కాగితం అడిగి తీసుకున్నాడు. పై నుంచి కింది దాకా చదివాడు. ఒకచోట వేలు ఆపాడు.

"ఇంటి నంబరు కూడా రాశారే. మంచిది."

కాగితం మడవకుండా బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. పికప్ స్టార్టయింది. వెళ్ళిపోయింది.

లినెట్ కదల్లేదు. సన్నటి మనిషి. నెరిసిన పొట్టి జుట్టు. ముఖం పాలిపోయింది. వీళ్ళన్నది నిజమేనా అని ఎవరినీ కాకుండా గాలినే అడిగింది. తర్వాత కుర్చీలో కూలబడి ఏడ్చింది. హీనీ వేడి టీ తెచ్చి ఆమె రెండు చేతుల మధ్య పెట్టింది, పట్టుకోవడం చేతకాని పిల్లకి పెట్టినట్టు.

పోలీసుకి ఫోన్ చేశారు. ఉన్నది ఒక్క కానిస్టేబుల్. కొండచరియ పడ్డచోట బండ్లు మళ్ళిస్తున్నాడు. పొద్దున ఏడింటికి డెస్మండ్ ఇంటికే వస్తానన్నాడు.

"ఒట్టి మాటేనా, రుజువేమైనా ఉందా?" లినెట్ అడిగింది, ముక్కు తుడుచుకుంటూ.

అధికారిక కాగితంలో నీల్ పేరే ఉంటుందన్నాడు డెస్మండ్. నీలే వారెన్ అని చెప్పగలిగింది తన కళ్ళే. కాకపోతే తాను చేసిన ప్రతి పెళ్ళికీ సొంత పుస్తకం ఒకటి రాసుకున్నాడు. ఎవరు వచ్చారు, ఎలా ఉన్నారు, ఏం తిన్నారు. అది ఇంట్లో ఉంది.

ఆమె టీ కప్పు పక్కన పెట్టింది.

"నాకు వెళ్ళడానికి ఇల్లు లేదు. అతని ఇల్లే నా ఇల్లు. ఈ ఒక్క రాత్రికి..."

అడగడం పూర్తి కాకముందే డెస్మండ్ తల ఊపాడు.

ఇల్లు ఊరి చివర. దాటితే నది. వాన హోరులో నది హోరు వేరుగా వినపడదు.

గుడ్లు వేయించాడు. రొట్టె కాల్చాడు. ఆమె మాట్లాడకుండా తింది. కప్పులు తనే కడిగింది. వద్దన్నా వినకుండా, వెనక తలుపు తీసుకుని వెళ్ళి కుండలోని టీ ఆకు తోటలో పారబోసి వచ్చింది. ఎన్నాళ్ళయిందో ఆ వంటింట్లో ఇంకొకరి అడుగుల చప్పుడు విని.

పుస్తకం చూపించమని రెండుసార్లు అడిగింది. అవన్నీ పెట్టెల్లో ఉన్నాయి, పొద్దున కానిస్టేబుల్ ముందే తీద్దాం, ముందు పడుకోమన్నాడు.

నడవా చివరి గది ఇచ్చాడు. మోయిరా గది.

ఆ తలుపుకి బయటి వైపు ఒక గడియ ఉంది. చివరి ఏడాది మోయిరాకి మతి నిలిచేది కాదు. రాత్రుళ్ళు లేచి నది వైపు నడిచిపోయేది. డెస్మండ్ తన చేతులతోనే ఆ గడియ బిగించాడు. ఆమెకి వినపడకూడదని వారం వారం నూనె వేసేవాడు. గడియ పెట్టి, ఆమెకి నిద్ర పట్టేదాకా తలుపుకి వీపు ఆనించి కూర్చునేవాడు.

లినెట్ లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసుకుంది.

రాత్రి తొమ్మిది.

నిద్ర రాలేదు. ముందుగదిలో పెట్టెలు దించాడు. మూడో పెట్టెలో దొరికింది. నీలం అట్ట. 2016.

మార్చి 12.

తన గుండ్రటి రాతే. *వాన. గొర్రె మాంసం. మోయిరా పావ్లోవా పగిలింది, ఎవరికీ తెలియలేదు.* చదివి నవ్వుకున్నాడు. వేలితో ఆ గీత తడిమాడు.

వేలు కిందికి దిగింది.

పెళ్ళికొడుకు: నీల్ బ్రాషర్. పెళ్ళికూతురు: గ్లెనిస్ మార్.

మొదటి సాక్షి: గ్లెనిస్ అన్న.

రెండో సాక్షి...

దీపం దగ్గరికి జరుపుకున్నాడు.

*హోటల్ వంటింట్లో పనిచేసే ఆవిడ. బొద్దుగా, ఎర్ర జుట్టు. నీల్ పిలుచుకొచ్చాడు.*

*లినెట్ జాయ్ స్ప్రాట్.*

ఇవాళ అదే పేరు ఇదే చేత్తో రాశాడు! అభ్యంతర పత్రంలో!

రెండు వందల పద్నాలుగు పెళ్ళిళ్ళు. నాలుగు వందల ఇరవై ఎనిమిది మంది సాక్షులు. పెళ్ళిలో పెళ్ళికొడుకుని చూశాడు. పెళ్ళికూతుర్ని చూశాడు. సాక్షి దగ్గరికొచ్చేసరికి కలం అందించి, ఇక్కడ సంతకం అని వేలు చూపించాడు. అంతే. ఎవరి ముఖమూ మనసులో నిలుపుకోలేదు.

ఆమెని కాపాడదామని పరిగెత్తాడు...

ఆమెనే ఇంటికి తెచ్చుకున్నాడు.

నీలే వారెన్ అని చెప్పగలిగే కళ్ళు ఈ ఊళ్ళో రెండే రెండు. అవి పొద్దున ఏడింటి దాకా తెరిచి ఉండాలి.

ఫోన్ వంటింట్లో ఉంది. అక్కడికి వెళ్ళాలంటే ముందు ఆ గది సంగతి చూడాలి.

బూట్లు విప్పాడు. మేజోళ్ళతో నడవాలోకి వచ్చాడు. ఒక్కో పలకా తెలుసు. ఏది కిర్రుమంటుందో తెలుసు. రాత్రుళ్ళు ఎన్నిసార్లు నడిచాడని!

తలుపు. గడియ.

రెండు వేళ్ళతో తోశాడు. చప్పుడు లేదు. ఇన్నేళ్ళయినా మోయిరా కోసం వేసిన నూనె ఆరలేదు.

గడియ పడింది.

అలవాటుగా తలుపుకి వీపు ఆనించాడు. ఊపిరి వదిలాడు.

లోపల మంచం కదల్లేదు. ఎవరూ తలుపు బాదలేదు.

"డెస్మండ్ గారూ." గొంతు తలుపుకి అవతలే ఉంది, అతని చెవికి జానెడు దూరంలో. ఏడుపు జీర లేదు. "పుస్తకం దొరికిందా?"

అతను గడియ మీద చెయ్యి వేసి నొక్కి పట్టాడు.

"మీ గడియ నాకేం పరవాలేదు. టీ ఆకు పారబోసి వచ్చానే... వెనక తలుపు గడియ నేను వెయ్యలేదు."

అప్పుడు తెలిసింది అతనికి. నడవా వెంట, నేల మీదుగా, చలిగాలి వస్తోంది. మేజోళ్ళ మీంచి చీలమండలకి తగులుతోంది. ఎప్పటి నుంచి వస్తోందో!

వాన చప్పుడు కూడా... దగ్గరగా, స్పష్టంగా.

ఉన్నట్టుండి గాలి ఆగింది.

వాన చప్పుడు దూరమైంది.

వంటింట్లో ఎవరో వెనక తలుపు నెమ్మదిగా మూశారు.